వాద్యకారుడు – మద్యవిముక్తి

బెంగళూరులో పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారికీ, పబ్బుల్లో గిటారు పట్టేవారికీ మద్యం మానడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇతరులకు పని ముగిశాక ఎదురయ్యే మద్యం వీరికి పనిచేసే చోటే ఎదురవుతుంది. మెచ్చిన శ్రోత చప్పట్లతో ఆగడు, గ్లాసు పంపిస్తాడు.

రెండు గుక్కలు పడితేనే వేళ్లు నిలుస్తాయన్న మాట ఈ వృత్తిలో ఉన్నదే. ఆ అనుభవం నిజమే, కారణం వేరు. నిత్యం తాగేవారి నాడీమండలం మద్యానికి అలవాటుపడుతుంది. కొన్ని గంటలు అందకపోతే చేతులు వణుకుతాయి. మళ్లీ తాగితే అణగేది మద్యమే తెచ్చిన ఆ వణుకు.

అమెరికన్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1957లో హెరాయిన్‌నూ మద్యాన్నీ ఒక్కసారిగా విడిచాడు. 'ఎ లవ్ సుప్రీమ్' 1964లో, ఆ తరువాత పుట్టినదే. మత్తే ప్రతిభకు మూలమనేవారికి ఈ సమాధానం చాలు. అయితే ఆయన మానిన తీరు అనుసరణీయం కాదు. ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగేవారు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమ రావచ్చు; ప్రాణాపాయమూ ఉంది. నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్సా విభాగం వంటి చోట వైద్యులు మందులతో ఆ రోజులు దాటిస్తారు. టెలి-మానస్ 14416 నంబరుకు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడి దారి తెలుసుకోవచ్చు.

అసలు కష్టం చికిత్స తరువాతి మొదటి కచేరీలో ఉంది. విరామంలో తోటి వాద్యకారుడొకరు పక్కనుండాలి. పారితోషికం చేతికందగానే ఇల్లు చేరాలి. గ్లాసు వద్దన్నవారిని కారణం అడగకుండా మరుసటి వారం మళ్లీ పిలవడం నిర్వాహకుల పని.