ఉచిత విహారమని ఫోను వస్తే



వేరుశెనగ విత్తబోయే ముందు మీరేం చేస్తారు? నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచినవో చూస్తారు. నూటికి 70 అయినా మొలవకపోతే ఆ విత్తనం వద్దంటారు. గింజకు పెట్టే యీ పరీక్ష, ఫోనులో వచ్చే మాటకూ పెట్టవలసిన రోజులివి.

కాయలమ్మిన సొమ్ము యింటికి చేరిందనుకోండి. రేణిగుంటలో మీరు బస్సు కోసం నిలబడి వుండగా ఫోను మోగుతుంది. “శుభవార్తండీ! మా లక్కీ డ్రాలో మీ నంబరుకు బహుమతి వచ్చింది. గోవాలో మూడు రాత్రులు ఉచితం. ఆదివారం మీరూ, మీ ఆవిడా తిరుపతిలో హోటలుకు వచ్చి కూపను తీసుకోండి. గంటసేపే!” మీరు ఏ డ్రాకూ చీటీ కొనలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టేయమన్నట్టు, మనం బయలుదేరవచ్చునా?

వెళితే ఏమవుతుంది? గంట కాస్తా మూడు గంటలవుతుంది. కాఫీలు, మర్యాదలు, సముద్రపుటొడ్డు బొమ్మలు అయిన తరువాత అసలు బేరం బయటికొస్తుంది. ఏటా ఒక వారం విడిది గది, పదేళ్ళకో పాతికేళ్ళకో సభ్యత్వం. దీన్నే టైమ్‌షేర్ అంటారు. ధర లక్షలలో వుంటుంది. “యీ తగ్గింపు యీ రోజుకే” అంటారు. దంపతులిద్దరినీ ఎందుకు రమ్మన్నారో అప్పుడు అర్థమవుతుంది. “యింట్లో అడిగి చెబుతాను” అనే దారి మూయడానికే!

సంతకం పెట్టాక ఏటేటా నిర్వహణ రుసుము. సెలవులలో గది అడిగితే ఖాళీ లేదనవచ్చు. ఉచిత కూపనుకు రైలు ఖర్చు, పన్ను మీవే కావచ్చు. టైమ్‌షేర్ అమ్మేవారంతా మోసగాళ్ళని నేననడం లేదు. కాని బోరు బాగుచేయించవలసిన డబ్బు అక్కడ చిక్కుపడితే పైరును కాపాడేదెవరు?

యిది చిన్న సంగతి కాదు. హోటలు గదుల రాత్రుల పేరిట పాన్‌కార్డ్ క్లబ్స్ అనే ముంబయి కంపెనీ 51 లక్షల మందికి పైగా జనం దగ్గర వసూలు చేసిన 7,035 కోట్ల రూపాయలు తిరిగి యివ్వాలని 2016 ఫిబ్రవరిలో సెబీ ఆదేశించింది.

కనుక మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి: బహుమతికి ముందుగా డబ్బుగాని, ఓటీపీగాని అడిగితే ఫోను పెట్టేయండి. రెండు: నోటిమాట నమ్మక, ప్రతి షరతూ కాగితం మీద అడగండి. మూడు: ఆ కాగితం యింటికి తెచ్చి, ఒక రాత్రి నిద్రపోయి, చదువుకున్నవారికి చూపండి. రేపటిదాకా ఆగని బేరం మొలవని విత్తనమే.

డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచుకోవద్దు. ఫోను ద్వారా దోచుకుంటే వెంటనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సభ్యత్వపు తగాదాకు 1915 వినియోగదారుల సహాయవాణి వున్నది. ఉచితమని చెప్పి ధరలో కలపడం, ఇస్తామన్న బహుమతి ఎగ్గొట్టడం 2019 చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతులే. కంపెనీ ఎక్కడున్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషనులోనే రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. విత్తన పరీక్ష నేర్పే రోజున యీ పరీక్షా నాలుగు ముక్కలలో చెప్పండి. పంట చేతికొచ్చాక పోయిన రూపాయి కూడా పంటనష్టమే గదా!