గొంతును దాచు పెట్టె



పోతనగారి భాగవతము అచ్చులో నున్నది గదా, ఇంక దానికి వచ్చిన లోటేమి యని మీరడుగవచ్చును. పద్యమునకు లోటు లేదు. చదువు తీరునకే కలదు. బమ్మెర మన ఓరుగల్లు సీమలోనిదే. ఈ సీమ వృద్ధులు గజేంద్రమోక్షమును చదువునప్పుడు సీసమును ఎక్కడ సాగదీయుదురో, ఎత్తుగీతి కడ గొంతు నెట్లు దించుదురో ఏ పుస్తకమును చెప్పదు. ఆ కంఠముతోడనే ఆ తీరును పోవును. ఇంటి కంప్యూటరుతో దానిని పట్టియుంచు ఉపాయమును నేడు మనవి చేసెదను.

చేతిలో ఫోనుండగా వేరొకటి యెందుకని పిల్లలందురు. ఫోను మాటలాడుటకు పుట్టినది. పెక్కు ఫోనులు గొంతు పెరిగినచో అణచును, తగ్గినచో హెచ్చించును. ఎడతెగక మ్రోగు శ్రుతిపెట్టెను రొదగా నెంచి తుడిచివేయునవియు కలవు. పద్యమునకు ప్రాణమైన హెచ్చుతగ్గులు చదునైపోవును.

కంప్యూటరునకు తిన్నగా మైకు తగిలించినను చిక్కు తీరదు. మైకునుండి వచ్చు విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. దానిని హెచ్చింపబోగా, కంప్యూటరు కడుపులోని ఇతర ప్రవాహముల రొదయు హెచ్చి గుయ్యిమనును. అందుచే ఆ పనిని వెలుపలనుండు చిన్న పెట్టెకు అప్పగింతురు. దాని పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. మన పండితులు సంస్కృతనామమును కల్పింతురేమో గాని, దుకాణములో ఈ పేరే చెప్పవలెను.

ఆ పెట్టె మైకు ధ్వనిని హెచ్చించి, సెకనునకు 44,100 లేక 48,000 మారులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా యు.ఎస్.బి. తీగగుండ కంప్యూటరునకు పంపును. మైకు తీగ మూడు పిన్నులది కావలెను. అందు ధ్వని రెండు తీగలలో ఎదురెదురుగా నడుచుటచే, దారిలో రెంటికిని సమముగా సోకిన రొద చివర రద్దగును. కండెన్సర్ మైకైనచో 48 వోల్టుల మీట వేయవలెను. డైనమిక్ మైకున కక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యము గెయిన్ అను మర. ‘హలో’ యనిపించి దీనిని సరిచేయువారు కలరు, అది చాలదు. పెద్దవారిచేత మిక్కిలి గట్టిగా పాడు పద్యమునే పాడించి, కొలత గరిష్ఠమునకు 12 డెసిబెళ్లు దిగువన నుండునట్లు త్రిప్పవలెను. ఎఱ్ఱదీపము వెలిగినచో ధ్వని శిఖరము తెగినదన్నమాట. అది యథాతథముగా మరల రాదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించినప్పుడు కంప్యూటరు చుట్టివచ్చిన గొంతు రవంత ఆలస్యముగా వినబడి తాళము తప్పించును. పెట్టెమీది డైరెక్ట్ మానిటర్ మీట వేసినచో ఆ బాధ లేదు.

ఇక ఎనుమాముల సంగతి. మిర్చి, పత్తి వచ్చు రోజులలో మార్కెట్టు లారీల మ్రోతను ఏ పెట్టెయు ఆపలేదు. మార్కెట్టు సెలవునాడు, పంకా ఆపి, తలుపులకు కంబళ్లు వ్రేలాడగట్టుడు. మైకు నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుండవలెను. లేనిచో పకార భకారముల గాలి ఢమ్మని తగులును.

కంప్యూటరులో ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాము చాలును. ఎం.పి.3గా గాక, వేవ్ ఫైలుగా దాచుడు. 48,000 కొలతలతో, 24 బిట్లతో, ఒకే మైకునకు గంటకు సుమారు 520 మెగాబైట్లగును. రెండు ప్రతులు వేర్వేరు ఇండ్లలో నుంచుడు.

పద్యమునకు ముందు ఆ పెద్దవారిచేతనే తమ పేరు, ఊరు, తేది, ఎవరివద్ద నేర్చినదియు చెప్పింపుడు. అటుపిమ్మట పాడింపుడు.