మెరుపు కాదండీ, గీతలు చూడండి

అమెరికా వేలంలోకి 1970 షెవెల్ ఎస్‌ఎస్ 454 ఎల్‌ఎస్6 వచ్చిందంటే నేను ముందు పెయింట్ చూడను. 450 హార్స్‌పవర్ ఇంజిన్ అది, అందుకే నకిలీలూ ఎక్కువే. ఆ ఏడాది విన్ నంబరు వీ8 అని చెబుతుంది గానీ ఎస్‌ఎస్సో కాదో చెప్పదు. మరెలా?

బ్లాకు ముందువైపు, కుడి హెడ్ దగ్గర, నంబర్లు కొట్టిన చదునైన చోటు ఉంటుంది. అక్కడ ఫ్యాక్టరీ మిషను వదిలిన సన్నటి గీతలు కనబడాలి. ఇంజిన్ విప్పి బ్లాకు పైభాగం చెక్కిస్తే అవి పోతాయి. దొంగనంబరు కొట్టేవాళ్ళకి అదో మంచి సాకు! గీతల్లేనంత మాత్రాన నకిలీ అనను, కానీ అసలు ఇంజిన్ ధర మాత్రం పెట్టను.

పెట్రోల్ ట్యాంకు పైన ఒక్కోసారి ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ దొరుకుతుంది. చిరిగిపోయినా సరే, అందులో కోడ్లు బ్లాకుతో కలిస్తే అప్పుడు చెయ్యెత్తుతాను.