టాబర్డు పానశాల, దాని యజమానులు



మనము కల్లు గీచి, కల్లమ్మి బ్రతికిన కులమువారము. ఆ మాటను సభలో చెప్పుటకు మనవారిలోనే కొందరు తల వంచుకొందురు. అందుచేతనే మేము నేడు సముద్రముల కావలనున్న యొక పానశాల చరిత్రను విన్నవింపదలచితిమి.

లండను వంతెనకు దక్షిణమున సౌత్వర్కు అను పేట కలదు. కాంటర్బరీ క్షేత్రమునకు పోవు యాత్రికులకు అది తొలి మజిలీ. 1307లో వించెస్టరునందలి హైడు మఠాధిపతి తన బసకై అచ్చట స్థలము కొనెను. టాబర్డు పూటకూటియిల్లు ఆ స్థలముననే వెలసెను. టాబర్డనగా చేతులులేని అంగీ. గుమ్మముపై వ్రేలాడు బొమ్మయు అదియే. చదువురాని బాటసారికి ఆ బొమ్మయే పేరు.

ఛాసరు మహాకవి తన కాంటర్బరీ కథలను ఈ యింటనే ఆరంభించెను. యాత్రికులకు అన్నము పెట్టి, ద్రాక్షసారా పోసి, దారిపొడవునను కథలు చెప్పుకొనుడని పురికొల్పినవాడు ఇంటి యజమాని హారీ బెయిలీ. మేలైన కథ చెప్పినవానికి తిరిగి వచ్చిన పిమ్మట అందరి ఖర్చుమీద విందు. ఆ విందు జరుగవలసినది మరల హారీ యింటనే! వర్తకుడు వర్తకుడే గదా. తీర్పరియు అతడే. యోధుడు, సన్న్యాసిని, పిండిమరవాడు, ఎల్లరును అతని మాటకు సమ్మతించిరి.

ఇది వట్టి కవికల్పన యనుకొనరాదు. ఆ పేరుగల పూటకూటి యజమాని సౌత్వర్కున నిజముగా నుండెను. 1376–77లోను, 1378లోను ఆ పురమువారు అతనిని తమ ప్రతినిధిగా పార్లమెంటునకు పంపిరి. 1380–81 నాటి పన్నుల పద్దునందు అతని పేరును, భార్య క్రిస్టియను పేరును, రెండు షిల్లింగుల పన్నును కానవచ్చుచున్నవి. సారా పోసిన చేయి శాసనసభయందును లేచినది. మేము ఇంతదూరము పోయి ఈ కథను తెచ్చినది ఈ యొక్క మాటకొరకే.

తరువాతి కథ స్వల్పము. 1676లో అగ్నిప్రమాదమున ఇల్లు కాలిపోయెను. మరల కట్టి టాల్బటు అనిరి, టాల్బటనగా వేటకుక్క. రైళ్లు రాగా గుర్రపుబండ్ల బేరము పడిపోయెను. 1873లో ఇల్లు కూల్చబడెను. ఆ మంటలకే కాలి 1677లో మరల లేచిన పొరుగిల్లు జార్జి మాత్రము నేటికిని నిలిచియున్నది.

మన కల్లు దుకాణములును అట్లే పోయినవి. మద్రాసు రాజధానిలో 1886 ఆబ్కారీ చట్టము, చెట్టుపన్ను, వేలంపాట మన తాతలకు తెలిసినవి. 1937లో సేలము జిల్లాయందు మొదలైన మద్యనిషేధము 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని యంతయు వ్యాపించెను. ఆనాడు మూతపడిన దుకాణములలో కూర్చున్నవారు ఎవరు? పాట పాడినదెవరు, చెట్టెక్కినదెవరు? హారీకి ఒక కవియు ఒక పన్నుపద్దును దొరికినవి. మనవారికి పాత పెట్టెలలోని కాగితములు కలవు.

పాట పత్రములు, చెట్టుపన్ను రసీదులు, పటములు మీ యిండ్ల నున్నచో సంఘమునకు చూపుడని ప్రార్థించుచున్నాము. చెదలు తినినవైనను సరియే. దుకాణమున ముంత నింపి యిచ్చిన తల్లుల పేర్లు తెలిసినచో వానిని గూడ వ్రాసి పంపుడు.