ఏల? అను ప్రశ్నయు, మరమగ్గమును
(రుద్రంగిలో చేసిన ఉపన్యాసము)



2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడినప్పుడు మన రుద్రంగి మండల కేంద్రమైనది. ఈ జిల్లా పేరు చెప్పగానే లోకమునకు స్ఫురించునది మరమగ్గము. అది నిలిచిన దినమున ఆసామి యింట పొయ్యియు నిలుచును. అయినను లోపమును విచారించు పద్ధతి మనకింకను అలవడలేదు. గుడ్డ చెడినచో ముందుగా కార్మికుని కూలి కోయుదురు. సాక్ష్యము వినకయే తీర్పు చెప్పుట న్యాయమగునా?

జపానుదేశస్థుడైన సాకిచీ టొయోడా వేరు త్రోవ తొక్కెను. 1924లో సిద్ధమైన ఆయన మగ్గము పోగు తెగినంతనే తనంతట నిలుచును. చెడిన గుడ్డ మూరలకొలది పెరుగదు. 1929లో ఇంగ్లండునందలి ప్లాట్ సోదరుల కంపెనీ దాని హక్కులను కొనెను. "ఏల?" యని అయిదుమారులు ప్రశ్నించు పద్ధతియు ఆయనదే యందురు.

మనమును ప్రశ్నింతము. పోగేల తెగెను? నాడె గరుకుదేరినది. ఏల గరుకుదేరెను? మార్చవలసిన గడువు దాటినది. ఏల దాటెను? గడువు వ్రాసియుంచు పుస్తకము లేదు. కూలి కోసినందువలన ఈ పుస్తకము పుట్టునా?

అయితే ప్రశ్న రోగమును చూపునేగాని మందు నీయదు. మందును పరీక్షించియే తెలియవలెను. శారాజీపేట వాసి చింతకింది మల్లేశంగారు ఆసు పోయుటలో తల్లి పడుచున్న శ్రమను జూచి, చీరకు దాదాపు 9,000 మారులు చేయి త్రిప్పు ఆ పనికి యంత్రము గట్టబూని, భాగము వెంట భాగము పరీక్షించి, 1999లో నెగ్గిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

ఈ రెండు పద్ధతులతోబాటు మూడవది విపణిని విచారించుట. 2017 మొదలు బతుకమ్మ చీరలు సిరిసిల్లకు పని కల్పించెను. ఆ ఆర్డర్లు ఆగిన పిమ్మట 2024లో మగ్గములెన్నో మూగవోయెను. అప్పుడు మగ్గమున లోపము లేదు; కొనువాడొక్కడే యగుటయే లోపము. నాడె నెంత నునుపుచేసినను ఆ లోపము తీరదు.

కావున ప్రతి కార్ఖానాలోను ఒక పుస్తకముంచుడు. యజమాని, ఆసామి, కార్మికుడు వారమున కొకమారు కలిసి కూర్చుండుడు. క్రొత్త యుపాయమును ముందొక మగ్గముపైననే పరీక్షించి, ఫలితమును లెక్కించి, పిమ్మటనే తక్కినవానికి విస్తరింపుడు. క్రొత్త గుడ్డను, క్రొత్త అంగడిని గూడ అట్లే శోధింపుడు. కార్మికుని కూడ ప్రశ్నించువానిగా చేసిననాడే ఈ మగ్గము పరుల దయపై గాక మన బుద్ధిబలముపై నడచును.