ఫైళ్ల బదిలీ: ఏ మార్గము మేలు?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సింగరేణి భూగర్భ గనులలో ఒకప్పుడు సన్నని పట్టాలపై టబ్బులలో వచ్చిన బొగ్గు, పైకి చేరిన పిదప రైలు వ్యాగనులలోనికి మారెడిది. బండి మారినను బొగ్గు మారలేదు. కంప్యూటరునుండి కంప్యూటరునకు ఫైలు పంపుటలోను ధర్మమిదియే.

వేర్వేరు జాతుల యంత్రముల నడుమ ఫైళ్లు పంపుటకు 1971లో ఒక కట్టుబాటును వ్రాసినవాడు భారతీయుడైన అభయ్ భూషణ్. కాన్పూరు ఐ.ఐ.టి. పట్టభద్రుడైన ఆయన అప్పుడు అమెరికాలోని ఎం.ఐ.టి.లో నుండెను. ఆ కట్టుబాటే ఎఫ్.టి.పి. అది మొదట సంకేతపదమును గూడ పోస్టుకార్డువలె బహిరంగముగా పంపెడిది. అందుచేత గోప్యమైన వానికి గుప్తలిపి గల ఎస్.ఎఫ్.టి.పి. మేలు.

ఒక గదిలోని రెండు యంత్రములకు పెన్‌డ్రైవు చాలును. అయితే ఫ్యాట్-32 అమరిక గల పెన్‌డ్రైవులో 4 గిగాబైట్ల ఫైలు ఇమడదు. ఎక్స్‌ఫ్యాట్ అమరికలో ఇముడును. విండోస్, లినక్స్ రెండును దానిని చదువగలవు.

తెలుగువారికి మరియొక చిక్కు గలదు. ఫైలు చేరినంతమాత్రమున అక్షరము చేరినట్లు కాదు. పాత ముద్రణ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రములో పుస్తకము పేరు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్పయగును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు స్వంత స్థానములు లభించినవి.

కావున గ్రంథాలయ పట్టికను బదిలీ చేయువారు మార్గమునకంటె ముందు రూపమును ఎంచుకొనవలెను. పాత ఫాంటులోని పాఠమును మొదట యూనికోడునకు మార్చి, యూ.టి.ఎఫ్.-8 సంకేతములో, ఏ యంత్రమైనను చదువగల సి.ఎస్.వి. ఫైలుగా దాచవలెను. పంపిన పిదప షా-256 సంఖ్యను రెండు యంత్రములలోను గణించి పోల్చినచో ఒక్క బిట్టు తేడాయైనను బయటపడును. కాని ఆ సంఖ్య ఫైలు చెక్కుచెదరలేదని చెప్పునే గాని అక్షరము సరియైనదని చెప్పదు. ముందే చెడిన పాఠము చెడినట్లే భద్రముగా చేరును. అందుచేత వరుసలను లెక్కించి, “ఆంధ్ర” వంటి సంయుక్తాక్షరములు గల పేర్లను కంటితో చదివి చూడవలెను.

ఈ పరీక్షలన్నియు ముగియువరకు పాత యంత్రములోని ప్రతిని చెరుపరాదు. 25 ఏండ్లుగా చేతివ్రాతతో పెరిగిన పట్టిక ఒక్క తొందరపాటుచే పోయినచో, పుస్తకములు బీరువాలోనే యుండియు పాఠకునికి దొరకకుండును.