అరికాళ్ల మంట



నేను వైద్యుడను గాను. గ్రామ లెక్కలు వ్రాయువాడను. ఈ గ్రంథాలయముననే చరకసంహిత చదువుచు, ప్రమేహమునకు ముందుగా చేతులును కాళ్లును తిమ్మిరెక్కుననియు, మంట పుట్టుననియు, మూత్రమునకు చీమలు చేరుననియు నిదానస్థానమున చూచితిని. మెచ్చుకొంటినే కాని నాకు వర్తించునని తలపనైతిని. అప్పటికే నాలుగేండ్లుగా నాకు చక్కెర వ్యాధి. మాత్రలు తోచిననాడు వేసికొనువాడను.

రాత్రియగుసరికి అరికాళ్లు నిప్పులపై నున్నట్లుండెడివి. దుప్పటి తగిలినను ఓర్వలేకపోయెడివాడను. తైలములు రాచితిని. ఏడాది తిరుగునప్పటికి మంట తగ్గినది. తైలమహిమ యనుకొంటిని. ఒకనాడు సంతనుండి వచ్చి చూతును గదా, ఎడమకాలి చెప్పు లేదు! ఎక్కడ జారెనో యెరుగను. అరికాలిలో తుమ్మముల్లు విరిగియున్నది, నొప్పి లేదు. మంటతోపాటు స్పర్శయు పోయినదని అప్పుడు తెలిసినది.

మూడు నెలల చక్కెర సగటు తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 11 శాతము వచ్చినది. సాధారణముగా 7 దాపున నుండవలెనట. ప్రీగాబలిన్, డులాక్సెటిన్ వంటి మందులు నొప్పిని అణచునే కాని నరమును బాగుచేయవనియు, చక్కెర అదుపున నున్ననే చెడుట నెమ్మదించుననియు వైద్యులు చెప్పిరి. మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికి బీ12 లోపించి ఇట్టి తిమ్మిరియే రావచ్చును గనుక దానిని కూడ పరీక్షించిరి.

ముల్లు గాయము మానుటకు రెండు నెలలు పట్టినది. ఇప్పుడు స్నానపు నీటి వేడిమిని మోచేతితో చూచుకొందును. రాత్రి పరుండబోవుముందు నేలపై అద్దముంచి అరికాళ్లు పరీక్షించుకొందును. వంగలేనివారు ఇంటివారిచే చూపించుకొనవచ్చును; మా యింట ఆ పని మనుమరాలిది.